ప్రార్థనకు సరిపడా లైనక్స్

విజయ్ పాల్ మాస్టారికి గుడిలో ఒక కుర్చీ ఉంది. పాటల జట్టుకు పక్కన, స్తంభాన్ని ఆనుకుని, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ముందు బల్ల. బల్ల మీద కంప్యూటరు, ప్రొజెక్టరు. ఆరాధన జరుగుతుంటే పాటల చరణాలు ఒక్కొక్కటే గోడ మీద పడేలా చూడడం ఆయన పని.

ఒకప్పుడు ఆయన ఆ జట్టులోనే పాడేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతూ, ఆదివారం పాటలు పాడిన గొంతూ ఒకటే కావడం వల్ల త్వరగా అరిగిపోయింది. పైకి వెళ్ళినప్పుడల్లా గీరుకుపోయేది. పాస్టరు శ్యాంబాబు గారు ఉప్పాడ రోడ్డులోని ఆ చిన్న లూథరన్ గుడికి వచ్చిన కొత్తలో మర్యాదగా చెప్పారు.

"మాస్టారూ, పాడేవాళ్ళు చాలామంది ఉన్నారండి. కంప్యూటర్ తెలిసినవాళ్ళే లేరు."

మాస్టారికీ తెలియదు. నేర్చుకున్నారు. అలా జట్టు లోంచి కుర్చీలోకి వచ్చారు. కుర్చీ తర్వాత ఇక బెంచీయే.

కంప్యూటరుకు కూడా అప్పటికే వయసైపోయింది. కాకినాడలో ఒక ఆఫీసు పాతవి తీసేస్తుంటే, సంఘ కార్యదర్శి రమేష్ బాబు ఆటోలో వేయించి తెచ్చారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత నెమ్మదించింది. స్విచ్ వేస్తే ముందు రొద. తర్వాత నల్లటి తెర. ఆ తర్వాత గుండ్రంగా తిరిగే చుక్కలు.

ముందుగా వేసి ఉంచడానికి వీల్లేదు. ఒకసారి వైరు కాలి పొగ వచ్చిన నాటి నుంచి, ఆరాధన గంట మోగేదాకా మెయిన్ స్విచ్ వేయకూడదని సంఘం తీర్మానం. తీర్మానం పెట్టింది రమేష్ బాబే.

గంట తర్వాత ప్రార్థన. ప్రార్థన తర్వాత పాట. పాట గోడ మీదికి రావాలి. అందుకని శ్యాంబాబు గారు ఒక కన్ను సన్నగా తెరిచి, గోడ వంక చూస్తూ ప్రార్థించడం అలవాటు చేసుకున్నారు. గోడ వెలిగేదాకా ఆమేన్ అనేవారు కాదు. వానల కోసం, కాలవల కోసం, ఉప్పాడలో సముద్రం ఇళ్ళ దాకా వచ్చినవాళ్ళ కోసం, ఎరువుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళ కోసం ప్రార్థించేవారు. జిల్లా అయిపోతే రాష్ట్రం. రాష్ట్రం అయిపోతే ఒడిశా. చుక్కలు మరీ తిరిగిన ఒక ఆదివారం శ్రీలంక దాకా వెళ్ళొచ్చారు.

ఆ వారం కమిటీలో రమేష్ బాబు లేచారు.

"కొత్త ల్యాప్‌టాప్ కొనేద్దామండి. మా కోడలు దీవెన చూసుకుంటుంది. మాస్టారిని ఇంకా ఎందుకండి శ్రమ పెట్టడం?"

"నాకు శ్రమేం లేదండి," అన్నారు మాస్టారు.

"మీరలాగే అంటారండి. పెద్దవారు."

పాస్టరు గారు మధ్యలోకి వచ్చారు. కొన్నాళ్ళు చూద్దామన్నారు. ఈలోగా దాన్ని మాస్టారు బాగు చేయగలిగితే సరే.

మాస్టారు కంప్యూటరును తువ్వాలులో చుట్టి కాకినాడ బస్సెక్కారు. షాపతను మూత విప్పి, దుమ్ము ఊది, డాక్టరులా తల ఊపాడు.

"మెషీన్ గట్టిదేనండి. విండోసే దీనికి బరువు. దాని బదులు లైనక్స్ వేసుకోండి. అందులో తేలికవి ఉంటాయి."

లైనక్స్ అంటే ఒకటి కాదని మాస్టారికి అక్కడే తెలిసింది. ఒకే పిండితో ఎవరికి నచ్చిన అట్టు వాళ్ళు పోసుకున్నట్టు, ఒక్కొక్కరు ఒక్కొక్క రకం తయారుచేసి పెట్టారు. షాపతను మూడు రకాలు మూడు పెన్‌డ్రైవుల్లో వేసిచ్చాడు. మాస్టారు వాటిని చొక్కా జేబులో పెట్టుకుని, దారి పొడుగునా తడుముకుంటూ ఇంటికి వచ్చారు.

కంప్యూటరు భోజనాల బల్ల మీదికెక్కింది. భార్య ప్రసన్నకుమారి కంచాలు నేల మీదికి మార్చింది.

మొదటిది పప్పీ. వేయగానే లేచింది. తెర మీద కుక్కపిల్ల బొమ్మ.

"గుడి గోడ మీద కుక్కనేస్తారా?" అంది ప్రసన్నకుమారి. "గేటు దగ్గరున్నవి చాలవా?"

పైగా మాస్టారు పాట తెరిస్తే తెలుగు అక్షరాల చోట వరసగా ఖాళీ గళ్ళు వచ్చాయి. పప్పీని పక్కన పెట్టారు.

రెండోది యాంటీఎక్స్.

"పురుగుమందు పేరులా ఉందండి."

పేరు ఎలా ఉన్నా అది చప్పున లేచింది. తెలుగూ వచ్చింది. మూడోది లుబుంటు. చూడ్డానికి బాగుంది, కానీ కాస్త ఒళ్ళున్నది. లేవడానికి టైం తీసుకుంది. అయినా పాత చుక్కలంత కాదు. ఎంతన్నది తేల్చాలి.

"ప్రసన్నా, ఒకసారి ప్రార్థన చెయ్యి."

"ఎవరికి బాలేదండి?"

"అందరూ బానే ఉన్నారు. నేను టైం చూసుకోవాలి."

ఆమె చేతిలోని గరిటె కింద పెట్టలేదు.

"నా ప్రార్థన దేవుడికండి. మీ డబ్బాకి కాదు."

మాస్టారు తానే చేతులు జోడించారు. యాంటీఎక్స్ ఆయన కళ్ళు మూసుకునేలోపే లేచి కూర్చుంది. అదే ఖాయం చేశారు.

ఆదివారం గంట మోగింది. మెయిన్ వేశారు. శ్యాంబాబు గారు కళ్ళు మూశారు, ఒకటి సన్నగా తెరిచారు. ఈ ఉదయానికి వందనాలు చెబుతున్నారు, ఇంకా కాలవల దాకా రాలేదు. గోడ భగ్గున వెలిగింది.

అలవాటు కొద్దీ ఆయన నోట ఆమేన్ వచ్చేసింది.

అందరూ కళ్ళు తెరిచారు.

ఆ గుడిలో ఆలస్యంగా వచ్చేవాళ్ళెవరూ లేరని ఆ రోజు దాకా అందరి నమ్మకం. ఎందుకంటే కళ్ళు మూసుకునేటప్పటికి కొన్ని బెంచీలు ఖాళీగా ఉన్నా, తెరిచేటప్పటికి అన్నీ నిండి ఉండేవి. ఇప్పుడు ఆ నింపేవాళ్ళంతా నడిమి దారిలో ఉన్నారు. అందరికన్నా ముందు, నెత్తిన హెల్మెట్‌తో, మునివేళ్ళ మీద, ఒక కాలు గాల్లో ఉంచుకుని రమేష్ బాబు. ఆయన వెనక, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ప్రసన్నకుమారి.

మాస్టారు ఇన్నాళ్ళూ చుక్కల వంకే చూస్తూ ఉండేవారు. ద్వారం ఆయన వీపు వైపు. వెనక్కి తిరిగి భార్యను చూశారు. ఆమె పైకప్పు వంక చూసింది.

పాట మొదలైంది. రమేష్ బాబు కాలు దించి, నడిచి, కార్యదర్శి కుర్చీలో కూర్చున్నారు. రెండో చరణం దాకా హెల్మెట్ తీయడం గుర్తు రాలేదు.

ఆరాధన అయ్యాక ముసలమ్మలు పాస్టరు గారిని చుట్టుకున్నారు.

"ఒంట్లో బాలేదాండి అయ్యగారూ? ప్రార్దన అంతేనాండి?"

"ఉప్పాడోళ్ళని మర్చిపోయారేంటండి? సముద్రం మీదికొచ్చేత్తందండి అక్కడ!"

మాస్టారు కంప్యూటరును మళ్ళీ తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నారు. సాయంత్రం రమేష్ బాబు వాళ్ళింటికి వచ్చారు. కుర్చీ సంగతి తేల్చడానికే వచ్చారనుకుని మాస్టారు గుండె గట్టి చేసుకున్నారు. రమేష్ బాబు కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టారు.

"బాగా పని చేస్తోందండి మీ కంప్యూటర్."

"సంతోషమండి."

"ల్యాప్‌టాప్ ఇంకా తొందరంటండి. మా దీవెనని అడిగాను. మూత తీస్తే చాలంట." ఎవరికో జబ్బు చేసిన సంగతి చెబుతున్నట్టు చెప్పారు.

"అయితే ఎప్పుడు కొంటున్నారండి?"

"కొనటం లేదండి." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "మాస్టారూ, మరీ ఇంత తేలికది కాకుండా ఇంకోటేమైనా ఉందాండి?"

మాస్టారు ఖాళీ గ్లాసును పక్కకు జరిపారు.

"పోనీ ప్రొజెక్టరుకి కాసేపు మూత పెట్టి ఉంచండి."

"మూత పెట్టి అయ్యగారిని ఆడించమంటారా? గుడిలోనా?"

"అబ్బే."

"టైం పడితే మెషీనుకి నిజంగా పట్టాలండి."

వంటింట్లోంచి ప్రసన్నకుమారి వచ్చింది. మూడో పెన్‌డ్రైవు ఎక్కడుందో ఆమెకు తెలుసు. తెచ్చి బల్ల మీద పెట్టింది. నెత్తి మీద కొంగు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది.

"స్విచ్ వెయ్యండి."

ఆమె ప్రార్థించింది. వానలు, కాలవలు, ఉప్పాడ, ఫ్యాక్టరీ. ఎవరినీ వదల్లేదు. లుబుంటు నింపాదిగా లేచింది. ఆమె ఆమేన్ కన్నా కాస్త ముందుగా తెర వెలిగింది.

"దగ్గర దగ్గరగా సరిపోయిందండి," అన్నారు రమేష్ బాబు. "హెల్మెట్ తీసేటంత టైమే తక్కువ."

"దీనికి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు," అన్నారు మాస్టారు. "దొంగల భయానికి."

గుడి శంకుస్థాపన రాయి మీద ఉన్న పొడుగాటి పేరు మొత్తం పాస్‌వర్డుగా పెట్టారు.

తర్వాతి ఆదివారం మాస్టారు ఎర్ర కుర్చీని కొద్దిగా తిప్పుకున్నారు. ఇప్పుడు తెరా కనిపిస్తుంది, ద్వారమూ కనిపిస్తుంది. గంట మోగింది. అందరూ కళ్ళు మూశారు. కంప్యూటరు తన టైం తను తీసుకుని, పాస్‌వర్డ్ అడిగింది. అది కొట్టేదాకా గోడ వెలగదు. మాస్టారు ఎప్పటిలాగే ఒక్క వేలితో మొదలుపెట్టారు. బెంచీలు నిండుతున్నాయి. ప్రసన్నకుమారి వచ్చి కూర్చుంది. గుమ్మం దగ్గర రమేష్ బాబు హెల్మెట్ బద్దీతో తంటాలు పడుతున్నారు.

అటు చూస్తూ కొట్టడం వల్ల ఒక అక్షరం తప్పు పడింది. నిజంగానే తప్పు. మాస్టారు చెరిపి, మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. చివరి అక్షరానికి వచ్చేసరికి రమేష్ బాబు తన కుర్చీలో, కళ్ళు మూసుకుని, భక్తిగా ఉన్నారు.

మాస్టారు ఎంటర్ నొక్కారు. శ్యాంబాబు గారు ఇంకా ఒడిశాలోనే ఉన్నారు.