సిల్‌వండులు ఆగితే

ఆర్మీ పోస్టుకి చేరింది మే నెలలో, పగలు పదకొండున్నరకి. ఈశాన్యంలో సరిహద్దు కొండ, చుట్టూ అడివి. వీపున ఇరవై కిలోల మూట, మోకాళ్ల దాకా బురద. ముందు ఫోన్ తీసి చూసినా. సిగ్నల్ లేదు. ఒళ్లు మండింది. దానికితోడు సిల్‌వండుల రొద. చెట్టు బెరడుకి అతుక్కోని పగలంతా కీచుమనే పురుగులవి. మద్రాసు చూలై పేటలో లేత్ మిషన్ల మధ్య పెరిగినోణ్ణి, నాకే తల పగిలిపోయింది.

మా హవల్దార్‌ది చిత్తూరు పక్క. నవ్వినాడు.

"ఏం మద్రాసోడా, చెవులు మూసుకుంటే ఎట్లా? ఈడ అవే మనకి కాపలా. మనిషి నడిస్తే ఆగిపోతాయి. మనోళ్లు పది అడుగులేసి నిలబడతారు. అవి మళ్లా అందుకున్నాకే ఇంకో పది. ఆగి అందుకుంటా ఉంటే మనోడు. ఆగింది ఆగినట్టే ఉంటే తుపాకీ ఎత్తు."

వారానికి అరగంట ఫోన్. మూడో ఆదివారం, మధ్యాన్నం మూడూ నలభై. వాన వెలిసి మంచు దిగింది. బంకర్ పక్క బండరాయి ఎక్కితే ఒక్క గీత సిగ్నల్. అమ్మ ఎత్తింది. ఏదో అంటా ఉండాది, ఒక్క ముక్క వినపడలా. కోపమొచ్చి, రొద వచ్చే చెట్టుమీదికి రాయి విసిరినా.

పోస్టుకొచ్చే దోవంతా సద్దు ఆగిపోయింది. మళ్లా అందుకోలా.

రేడియోలో, బంకర్‌లో గన్ దగ్గరున్న గన్నర్ గొంతు, హిందీలో: "దోవలో ఎవరో ఉన్నారు. మనవాళ్లు కాదు."

మంచులో ఒక ఆకారం. నిలబడి ఉండాది, కదల్లేదు. నీళ్లకి పోయిన హవల్దార్ అప్పుడు గుర్తొచ్చినాడు.

ఫోన్ ఆడనే పారేసి గన్ ముందుకి ఉరికినా. "కాల్చొద్దు! రాయేసింది నేను!" నాకొచ్చిన అరకొర హిందీలోనే.

గన్నర్ ట్రిగ్గర్ మీంచి వేలు తీసినాడు. 

ఒక నిమిషానికి ఒక పురుగు అందుకుంది. తర్వాత అన్నీ. హవల్దార్ పది అడుగులు ఎక్కి నిలబడినాడు. మళ్లా పది. పైకొచ్చి నీళ్ల క్యాన్లు దించినాడు. గన్నర్ అంతా చెప్పినాడు. తిడతాడని తల దించుకున్నా.

"అమ్మ ఏమనిందిరా?"

"వినపడలేదన్నా."

"వచ్చే వారం నా అరగంట కూడా నువ్వే తీసుకో."

నాలుగేళ్ల కొలువు అయినాక ఇంటికొచ్చేసినా. ఫోన్‌లో ఫుల్ సిగ్నల్, అమ్మ పక్కగదిలోనే. ఎప్పుడన్నా కరెంట్ పోయి వీధిలో లేత్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నేనూ నడిచే కాడనే నిలబడిపోతా. మంచులో హవల్దారన్న కనపడతాడు. రెండు చేతుల్లో రెండు క్యాన్లు, చెట్లకేసి ఎత్తిన మొహం. అవి అందుకుంటాయని నమ్మకంగా నిలబడి ఉంటాడు.