హెడ్డు మార్చాలన్న మాట

మా చిన్నమావయ్య పోయి రెండు నెలలైంది. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ఆసుపత్రి గుర్తుకు రావడం లేదు. మెడలో వేసిన పేరుపట్టీని చొక్కా లోపలికి తోసేసుకుని, పెద్ద హోటలు మెట్లెక్కుతున్న మనిషే కనిపిస్తున్నాడు. నేను అక్కడ లేను. ఆయన నోట విన్నదే, కానీ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మావయ్య ఓ అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్లు రంగులు కలిపాడు. ఇంకుని రెండు వేళ్ల మధ్య నలిపి, కిటికీ దగ్గరికెళ్లి చూసి, "ఇంకాస్త పసుపు పడాలి" అనేవాడు. ఆయన కింద ఇద్దరే అయినా అందరూ ఆయన్ని 'హెడ్డు' అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలోనే మిగిలింది.

ఒకరోజు యజమాని ఆయన్ని ఆ హోటల్లో జరిగే ఇంక్‌జెట్ ముద్రణ సదస్సుకి రమ్మన్నాడు. అంతకుముందెప్పుడూ కారెక్కించుకోని మనిషి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మావయ్యకి అనుమానం అక్కడే మొదలైంది. "నీకు నీ నీడ మీద కూడా నమ్మకం లేదురా" అనేది మా అమ్మ, కథ ఇక్కడికి వచ్చినప్పుడల్లా.

హాల్లో ఆయనకి ఏదీ నచ్చలేదు. ఊరికే ఇస్తున్న కలం పుచ్చుకోలేదు. బల్ల మీదున్న కొత్త ఇంకు సీసా మూత తీసి వాసన చూస్తే ఇంకు వాసనే లేదు. ఇది కాగితంలోకి ఇంకదు, పైనే ఉండి మిషన్లోని దీపం వెలుగుకి ఎండిపోతుంది అని అమ్మకాలాయన గొప్పగా చెప్పాడు.

"ఇంకకపోతే దాన్ని ఇంకు అనడం దేనికండీ?"

అమ్మకాలాయన నవ్వాడు. ఆ నవ్వూ నచ్చలేదు. మావయ్య అక్కడ పెట్టిన నమూనా అచ్చుని గోరుతో గీకాడు. చెక్కుచెదరలేదు. అనుమానం ఇంకా పెరిగింది.

టీ విరామంలో ఓ బోర్డు వెనక నుంచి, అమ్మకాలాయనతో మాట్లాడుతున్న యజమాని గొంతు వినిపించింది. మావయ్య ఆగిపోయాడు.

"హెడ్డు ఎన్నాళ్లు పనిచేస్తుంది?"

"బాగా చూసుకుంటే మూడేళ్లు. తర్వాత మొండికేస్తుంది. రంగులు సరిగా రావు."

"అప్పుడు?"

"తీసేసి కొత్తది పెట్టుకోవడమే సార్. పాతదాని మీద జాలిపడితే పని పాడవుతుంది."

"'పనిచేస్తాడు' అని కూడా అనలేదక్కయ్యా, 'పనిచేస్తుంది' అన్నాడు. నన్నప్పుడే సామాన్లలో కలిపేశాడు" అని అప్పటికప్పుడే మా అమ్మకి ఫోన్ చేసి వాపోయాడట.

మధ్యాహ్నం ప్రసంగం అయ్యాక ప్రశ్నలడగమన్నారు. పదిమందిలో నోరు విప్పని మావయ్య లేచి నిలబడ్డాడు.

"ముప్ఫై ఏళ్లు మొండికెయ్యకుండా పనిచేసిన హెడ్డునైనా తీసేస్తారా అయ్యా?"

వేదిక మీదాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ముప్ఫై ఏళ్లా? అలాంటిది మీ దగ్గరుంటే ఇప్పించండి, మా ఆఫీసులో గాజుపెట్టెలో పెట్టుకుంటాం" అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత తెర మీద అగ్గిపెట్టెంత భాగం ఒకటి చూపించి, దీనికున్న వెంట్రుకంత సన్నటి రంధ్రాల్లోంచే ఇంకు చిమ్ముతుంది, దీన్నే హెడ్డు అంటాం అని వివరించాడు. మావయ్య కూర్చున్నాడు. పక్కనున్న యజమాని మాత్రం నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో యజమానే మాట కదిపాడు. "నిన్నన్నాననుకున్నావేమయ్యా? అది మిషను ముక్క."

"తెలిసింది సార్. మరి ఆ ముక్క వస్తే నేను కలపాల్సిన రంగేం మిగులుతుంది?"

యజమాని అద్దం సర్దుకున్నాడు. రెండు మలుపులు తిరిగాక "చూద్దాం" అన్నాడు.

మాట తప్పుగా విన్నా సంగతి సరిగ్గానే విన్నానని మావయ్య చివరిదాకా వాదించాడు. కాదనడానికి లేదు. మరుసటి ఏడాది ఆ యంత్రం వచ్చింది, రంగుల గదికి తాళం పడింది. కింది ఇద్దరూ అట్టలు కుట్టే వైపు వెళ్లారు. మావయ్యకి పొద్దున్నే ఆ ముక్కని తడిగుడ్డతో తుడిచే పని మిగిలింది. ఒప్పుకున్నాడు కానీ, దాన్ని హెడ్డు అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఒక గదిలో ఇద్దరు హెడ్డులేమిటని, దానికి 'మూతి' అని పేరు పెట్టాడు. మొదట నవ్వారు, తర్వాత అందరికీ అదే అలవాటైంది.

కిందటి వారం ఆయన సామాను తెచ్చుకోవడానికి అచ్చాఫీసుకి వెళ్లాను. మిషనాయన ఫోన్లో కంపెనీతో మాట్లాడుతున్నాడు. "మూతి మూసుకుపోయిందండీ, మనిషిని పంపండి... మూతండీ, మూతి." అవతలివాళ్లకి ఎంతకీ అర్థం కాలేదు. చివరికి నా వైపోసారి చూసి, అటు తిరిగి, గొంతు తగ్గించి "హెడ్డు" అన్నాడు.