మానిక మీద కుప్ప

శంషాబాద్ పక్కన మా ఊరి బడి ఏడో తరగతితో ఆగిపోయేది. విమానాశ్రయం తెరిచిన కొత్తలో నేను సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. పక్కింటి అమ్మాయి గురుకులం ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు వస్తే చదువు. రాకపోతే హైవే మీది ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడగడం. వాళ్ల నాన్న అక్కడ మాట్లాడి పెట్టేశాడు కూడా. పరీక్ష ఎల్లుండి.

స్థూపం పక్కతల వైశాల్యం తేలిగ్గానే పట్టుకుంది. డబ్బాకు కాగితం చుట్టి విప్పి చూపిస్తే, "చాప పరిచినట్టే ఉన్నది గదక్కా" అంది. ఘనపరిమాణం దగ్గరే తప్పు. స్థూపాకారపు పాత్రలో ఎంత బియ్యం పడుతుందని అడిగితే, సూత్రం సరిగ్గా వేసి, వచ్చిన జవాబుకు మరికొంత కలిపేది.

"ఈ ఎక్కువ ఎక్కడిది?"

"పైన కుప్ప అక్కా."

మా వైపు ఇళ్లలో మానికతో గింజలు కుప్పగా పోసి కొలుస్తారు. అంచుకు సమంగా కొలిస్తే లక్ష్మి నిలవదట. ఈ పిల్ల పుస్తకంలోని పాత్రలో కూడా లక్ష్మిని నిలబెడుతోంది!

చెప్పి చెప్పి విసిగి, వాళ్లింట్లోనే మానిక నిండా బియ్యం పోసి, స్కేలుతో పైభాగం చదును చేయబోయాను. వాళ్ల అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే గిది? మా ఇల్లు దుకాణమనుకున్నవా?"

"లెక్క అవ్వా. పరీక్షలో కుప్పకు మార్కులెయ్యరు."

"దేవుడు లేడంటివి. ఇగ కుప్ప గూడ లేదంటవా?"

నేను దేవుణ్ణి నమ్మని, వాదనల ఇంట్లో పెరిగినదాన్ని. గింజకు బరువుంది, చోటుంది, లక్ష్మి ఎక్కడుందో చూపించమన్నాను. పిడికెడు బియ్యం కోసం మనవరాలి చదువు పోగొడతావా అని అడిగాను. అవ్వ నా చెయ్యి వదిలేసింది. పిల్ల తల ఎత్తలేదు.

బియ్యం తీసి నీళ్లు పోశాను. అంచు దాటగానే కారిపోయాయి. "చూడు, పాత్రలో పట్టేది ఇంతే."

"నీళ్లకు సరే అక్కా. బియ్యానికి?"

నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష రోజు గేటు బయట నిలబడ్డాను. పిల్ల బయటికొచ్చింది. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. బస్సెక్కాక గొంతు తగ్గించి చెప్పింది.

"బియ్యం లెక్కనే పడ్డదక్కా. కుప్ప కలపలే. అవ్వకు చెప్పకు."