నర్సింహకు వినిపించే ఫోను

లక్డారంలో సుమిత్ర ఇల్లెక్కడ అని అడిగితే, "ఏ సుమిత్ర? ఫోన్ల సుమిత్రేనా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆమెకు ఫోన్ల దుకాణం ఎన్నడూ లేదు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. పొద్దంతా గోలీల పట్టీలను అట్టపెట్టెల్లో సర్ది మూతలు వేసేది. ఆమెకు ఆ పేరు రావడానికి కారణం ఆమె భర్త నర్సింహ చెవులు.

నర్సింహ పటాన్‌చెరులో ఒక ప్రెస్ షాపులో పని చేసేవాడు. ఇనుప రేకు పెట్టి మీట నొక్కితే పైనుంచి బరువైన అచ్చు దిగి, ఒక్క దెబ్బకు రేకును గిన్నెలా వంచేస్తుంది. అటువంటి యంత్రాలు ఒకే రేకుల షెడ్డులో వరసగా ఉండేవి. అక్కడ పక్కవాడితో మాట్లాడాలంటే చేతులతోనే మాట్లాడాలి. పెళ్లైన కొత్తలో అతడు ఇంటికొచ్చాక కబుర్లు ఆపేవాడు కాదు. బస్సులో కండక్టరుతో ఎవరు కొట్లాడారో, క్యాంటీన్లో బీహారువాళ్లు సాంబారును చూసి ఏమన్నారో గొంతులు మార్చి మరీ చెప్పేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ అవి తగ్గాయి. అడిగినదానికి తలూపడం, "ఆఁ" అనడం, అంతే. మగవాళ్లు నడివయసులో ఇట్లాగే అవుతారేమోనని సుమిత్ర సరిపెట్టుకుంది.

రెండువేల ఆరులో ఇద్దరి షిఫ్టులూ కలవకుండా పోయాయి. ఆమె ఇంటికొచ్చే వేళకు అతడు డ్యూటీకి బయల్దేరేవాడు. అందుకని నర్సింహ ఒక పాత సెల్‌ఫోను కొనుక్కున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక సుమిత్ర ఫ్యాక్టరీ గేటు బయట కిరాణా కొట్టులో ఉన్న, రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోను డబ్బా దగ్గర నిలబడి ఇంటికి ఫోను చేసేది. "తిన్నవా?" అని ఆమె, "ఆఁ తిన్న" అని అతడు. ఆ రెండు ముక్కలతో ఆమెకు పొద్దుటి నుంచీ ఉన్న అలసట కొంచెం దిగేది.

ఒకనాడు ఫ్యాక్టరీ మీద మబ్బు కమ్ముకొచ్చింది. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసిన సంగతి గుర్తొచ్చి సుమిత్ర డబ్బా దగ్గరికి పరుగెత్తింది.

"వాన పడేతట్టుంది. మిర్పకాయలు తీసి లోపలెయ్యి."

"ఆఁ, తిన్న. నువ్వు తిన్నవా?"

"తినుడు కాదు. మిర్పకాయలయ్యా, మిద్దె మీద."

"మంచిది, మంచిది," అని అతడు పెట్టేశాడు.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి మిరపకాయలు నీళ్లలో తేలుతున్నాయి. నర్సింహ ఆమెకు వీపు చేసి గడపలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. సుమిత్ర కోపంగా పిలిచింది. అతడు తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. తాళ్లు ముడివేయడం ఆపలేదు. అప్పుడు ఆమె కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియదు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. అతడు ఉలిక్కిపడి తలెత్తి ఆమె పెదవుల వంక చూశాడు.

"నీకు ఇనవడుతలేదా?" అంది మెల్లగా.

అతడు ముడి వేస్తున్న తాళ్లు వదిలేశాడు. తర్వాత అన్నాడు. "నువ్వు ముంగట ఉంటే నీ మూతి చూసి తెలుసుకుంట. ఫోన్ల నీ మొకం కనవడది గదా. నువ్వు అడిగేది తిన్నవా అనే గదా అని, తిన్న అంట."

"ఎన్నాళ్ల సంది?"

"మస్తు దినాలైంది. ఎవలకు చెప్పకు. చెవులు పోయినయని తెలిస్తే మిషిను మీదికెల్లి తీసేస్తరు."

సుమిత్ర ఎవరికీ చెప్పనంది. అతడు వెళ్లిపోయాక తడిసిన మిరపకాయలను చేటలోకి ఎత్తుతూ, ఇన్నాళ్లూ తనతో మాటలు తగ్గించాడని నొచ్చుకున్న మనిషి నిజానికి తన ముఖాన్ని కనిపెట్టుకుని ఉన్నాడని తలచుకుంది.

ఆ ఆదివారం ఆమె బీరంగూడకు పోయింది. అక్కడ వీర్రాజు అనే ఆయనకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. వాళ్ల నాన్న ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. దుకాణం వెనక గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి వీర్రాజు భార్య పద్మావతి ఇంటర్నెట్ నడిపేది.

"గట్టిగ ఇనవడే ఫోను కావాలె," అంది సుమిత్ర.

"అన్నీ వినపడతాయమ్మా," అన్నాడు వీర్రాజు.

ఆమె కొంగు ముడిలోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకుంది. అతడు చూస్తుండగానే ఒక ఫోను పట్టుకుని లారీలు పోతున్న రోడ్డు పక్కకు వెళ్లి నిలబడి, లోపలినుంచి మాట్లాడమని పద్మావతికి సైగ చేసింది. పద్మావతి నవ్వుకుంటూనే మరో ఫోనులో మాట్లాడింది. సుమిత్ర తిరిగొచ్చి ఫోను బల్ల మీద పెట్టింది.

"గిది గుసగుస పెడుతది. ఇంకోటియ్యి."

రెండోది బావిలోంచి మాట్లాడినట్టుందంది. మూడోది మాట బాగానే ఉంది కానీ గంట మోగితే దోమ పాడినట్టుందంది. వేరొకదానికి మీటలు మరీ చిన్నవి, రేకులు పట్టిన వేళ్లకు అందవంది. దుకాణానికి వచ్చినవాళ్లు తమ బేరాలు ఆపి ఆమెను చూడసాగారు. ఒక పెద్దాయన, "మరి నాకు ఏది తీసుకోమంటవు బిడ్డా?" అని అడిగాడు. ఆయనకు కావలసినదేమిటో ఆమె అడిగి తెలుసుకుంది. ఊళ్లో కరెంటు సరిగా ఉండదన్నాడు. ఎక్కువసేపు చార్జింగు నిలిచేది చూపించింది.

నర్సింహకు పనికొచ్చే ఫోను ఆ ఆదివారం దొరకలేదు. తర్వాతి ఆదివారమూ దొరకలేదు. కొత్త ఫోను వచ్చినప్పుడల్లా వీర్రాజు కబురు పెట్టేవాడు, ఆమె దూదితో వచ్చేది. ఆమె వచ్చే వేళ చూసుకుని జనం రావడం మొదలైంది. నచ్చనిదాన్ని నచ్చలేదని వీర్రాజు ముందే చెప్పేది. మొదట్లో అతడు ముఖం ముడుచుకున్నాడు గానీ, ఆమె బాగుందన్న ఫోను వెంటనే అమ్ముడుపోవడం చూసి కుర్చీ వేయడం మొదలుపెట్టాడు.

ఆ మాటలను ఇంకా దూరం తీసుకెళ్లింది పద్మావతి. ఆ రోజుల్లో కాలేజీ పిల్లలూ, ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన ఇంజనీర్లూ ఇంటర్నెట్ మీద నడిచే ఆర్కుట్‌లో కబుర్లాడుకునేవారు. పద్మావతి అక్కడ తమ దుకాణం పేరుతో ఒక గుంపు తెరిచి, సుమిత్ర ఏ ఫోను గురించి ఏమందో ఆమె యాసలోనే, ఇంగ్లీషు అక్షరాల్లో, రాసి పెట్టేది. సంగారెడ్డి నుంచి కూడా మనుషులు వచ్చి "దోమ పాడిందన్న ఫోను ఏదండీ?" అని అడిగి నవ్వేవారు. సుమిత్రకు ఆ సంగతి కొంచెమే తెలుసు. కంప్యూటర్లో ఏదో రాస్తున్నారని తెలుసు. దాన్ని ఎవరెవరు చదువుతారో తెలియదు.

ఆ పేరు విని, చలపతిరావు అనే ఫోన్ల కంపెనీ మనిషి దుకాణానికి వచ్చాడు. అతని చేతిలో తమలపాకంత పల్చటి కెమెరా ఫోను ఉంది.

"ఇది మీరే ఉంచుకోండమ్మా. పది రోజులు వాడి మీ అభిప్రాయం చెప్పండి చాలు. మీ ఫోటోతో కరపత్రం వేస్తాం, ఇంటర్నెట్‌లోనూ పెడతాం," అన్నాడు.

సుమిత్ర దాన్ని సంబరంగా ఇంటికి తీసుకెళ్లింది. నర్సింహ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి మురిశాడు. మరునాడు మధ్యాహ్నం ఆమె డబ్బా దగ్గరనుంచి ఫోను చేసింది. "ఇనవడుతుందా?" అంటే "ఆఁ, తిన్న" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

చలపతిరావు మళ్లీ వచ్చినప్పుడు ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "చేతిల పట్టుకుంటే ముచ్చటగుంది సార్. ఫోటోలు మస్తుగ వస్తున్నయి. గని మా ఆయనకు ప్రెస్ షాపుల చెవులు మందమైనయి. నా మాట ఒక్కటి ఇనరాలే."

"మొదటి మాట చాలమ్మా. రెండోది వదిలేద్దాం."

"గట్లైతే రెండూ వద్దు సార్. నేను ఫోను సూసిందే ఆయన కోసం."

అతడు కోప్పడలేదు. "మీ ఇష్టమమ్మా," అని ఫోను పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పక్కనే ఉన్న పద్మావతికి మాత్రం ఆ మాటలు గుండెకు తగిలాయి. ఆ సాయంత్రమే సుమిత్ర ఫోటో పెట్టి, ఆమె అన్నదంతా ఆర్కుట్‌లో రాసేసింది. పద్మావతి దృష్టిలో అది సుమిత్రను మెచ్చుకోవడమే.

నాలుగు రోజులకు ఎవరో దాన్ని కాగితం మీద ప్రింటు తీసి ప్రెస్ షాపు క్యాంటీన్ గోడకు అంటించారు.

నర్సింహ ఆ పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చి కూర్చోలేదు. కాగితం ఆమె ముందు పెట్టి, "గిది నువ్వు అన్నదేనా?" అని అడిగాడు.

సుమిత్ర తన ఫోటో చూసుకుని, పక్కనున్న రాత ఏమిటో ఊహించి, తలూపింది.

"ఎవలకు చెప్పకని అంటి గదనే."

"ఆ సారుకు చెప్పిన. మేడం ఇన్నది. ఊరంత తిరుగుతదని నాకు ఎర్కలేదు," అంది. అతనికి అర్థమయ్యేలా ముఖాన్ని దగ్గరగా తెచ్చి మళ్లీ చెప్పబోయింది. నర్సింహ ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు.

కోపం చూపడానికి అతనికున్న దారి అదొక్కటే. ఆమె పెదవులు చూడకపోతే ఆమె మాట అతన్ని చేరదు. ఆ తర్వాత కొన్నాళ్లు అతడు అన్నం తిన్నాడు, పనికి పోయాడు, ఆమె ముఖం వైపు మాత్రం చూడలేదు. డబ్బా దగ్గరనుంచి ఆమె ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆమె పద్మావతి దగ్గరికి పోయి ఆ రాత తీసేయమంది. విషయం తెలిసి పద్మావతి కళ్లనీళ్లు పెట్టుకుని వెంటనే తీసేసింది. అప్పటికే అది చేరవలసినచోటికల్లా చేరింది.

ఆదివారం పొద్దున గుమ్మం ముందు ఎవరో అరుస్తున్నట్టు వినిపించి సుమిత్ర బయటికి వచ్చింది. ప్రెస్ షాపులో అందరికన్నా పెద్దవాడైన పోచయ్య నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇంకో నలుగురు. వాళ్లు పోట్లాడుకోవడం లేదు, మామూలు మాటలే అంత గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అంతమంది కలిసి వచ్చేసరికి నర్సింహ ముఖం పాలిపోయింది. పని పోయిందన్న కబురే తెచ్చారనుకున్నాడు.

పోచయ్య అతన్ని దాటి నేరుగా సుమిత్ర దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, నీ కాయితం సదివించుకున్న. మా మన్మరాలు జహీరాబాదుకెల్లి ఫోను చేస్తది. ఏం చెప్తదో నాకు తెల్వది. 'మంచిది బిడ్డా' అని పెట్టేస్త. మొన్న ఆ పోరికి జరమొచ్చిందట. నేను మంచిది అన్నట. ఏడ్సిందట. నాకు గూడ ఒకటి సూడు తల్లీ."

నర్సింహ అతని పెదవుల నుంచి కళ్లు తిప్పలేదు. "పోచన్నా, నీకు గూడనా?"

"నాకు ఎప్పటి సందో. నీకు తెలుస్తదేమోనని పరేషాన్ల ఉంటి."

వెనకనున్న నలుగురూ తలలు దించుకున్నారు. ఏళ్ల తరబడి పక్కపక్క యంత్రాల మీద నిలబడి, ఎదుటివాడు కనిపెడతాడేమోనని ఎవరికి వారే బెదురుతూ బతికారు. నర్సింహకు నవ్వొచ్చింది. దాని వెంటే కళ్లు చెమర్చాయి. చాలా రోజుల తర్వాత భార్య ముఖం వైపు చూసి, "చాయ్ పెట్టు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం అందరూ ఆటోలో బీరంగూడకు పోయారు. వీర్రాజు తన దగ్గరున్న ఫోన్లన్నీ బల్లమీద పరిచాడు. చివరికి, అప్పుడప్పుడే వస్తున్న చైనా ఫోనొకటి తీశాడు. సబ్బుపెట్టె అంత లావు, వెనక నాలుగు స్పీకర్లు. "దీనికి గ్యారంటీ ఏమీ లేదమ్మా, ముందే చెబుతున్నా," అన్నాడు. సుమిత్ర దూది పెట్టుకోలేదు. ఫోను నర్సింహ చేతికిచ్చి రోడ్డు మీదికి పంపింది. తను ఇంకో ఫోనుతో లోపల గోడవైపు తిరిగి నిలబడింది, ముఖం కనబడకుండా.

"కూరేం వండాలె?" అంది.

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆ తర్వాత అతని గొంతు ఫోనులో పెద్దగా పలికింది. "వంకాయ. వంకాయ వండు."

ఆమె గోడవైపు నుంచి తిరిగి, లోపలికి రమ్మని అతనికి చెయ్యి ఊపింది. నర్సింహ లోపలికి రాగానే పోచయ్య అతని భుజం తట్టి, "ఇగ నాకియ్యి," అని ఫోను అందుకున్నాడు.

వాళ్లంతా కలిసి మేనేజరును కలిశారు. ఒక్కొక్కడే అయితే భయపడేవారు, ఆరుగురిని ఒకేసారి ఇంటికి పంపడం ఆయనకూ కుదరలేదు. దవాఖానాలో పరీక్షలు చేయించారు. యంత్రాల మోత తగలకుండా చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చారు. నర్సింహను స్టోరుకు మార్చారు. యంత్రం వదిలినందుకు కొన్నాళ్లు చిన్నబోయినా, అక్కడి నిశ్శబ్దానికి అలవాటుపడ్డాడు. పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడు. కొన్ని అక్షరాలు ఎంత గట్టిగా పలికినా అతనికి అందవని కూడా చెప్పాడు.

ఏ అక్షరాలో సుమిత్ర తానే కనిపెట్టింది. 'స', 'చ' ఉన్న మాటలు ఫోనులో అతనికి జారిపోతాయి. అందుకని వాటిని తప్పించి మాట్లాడడం నేర్చుకుంది. చింతపండు తెమ్మనాలంటే పులుపు తెమ్మనేది. సాయంత్రం అనకుండా పొద్దుమీకి అనేది. చక్కెరకు మాట దొరక్క కొన్నాళ్లు తంటాలు పడి, చివరికి "చాయ్‌ల" అనబోయి అందులోనూ 'చ' ఉందని నాలుక కరుచుకుని, "తియ్యగుండేది" అని ఖాయం చేసుకుంది. ప్యాకింగులో ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత, రూపాయి డబ్బా దగ్గర ఆమె వెనక నిలబడి, ఆమె తడుముకున్నప్పుడల్లా తలా ఒక మాట అందిస్తూ ఉండేవారు.