నక్షత్రాల పురిటికి పసుపు

సెమినార్ అంటే కంప్యూటర్ కాదు, ప్లాస్టిక్ షీట్లే ఆ రోజుల్లో. (తొంభైల సంగతి, ఊరి పేరు చెన్నై అయినా మా నోట ఇంకా మద్రాసే.) షీటు మీద స్కెచ్ పెన్నుతో గీసుకుని, అడుగున బల్బు వెలిగే మిషను అద్దం మీద పెడితే గోడ మీద ఇంతెత్తున కనబడేది. పరిశోధన విద్యార్థిగా నేను గీసింది ఆకాశంలోని ఒక ధూళి మేఘం. కొత్త నక్షత్రాలు పుట్టేది అలాంటి మేఘాల కడుపులోనే. ఆడుండే ధూళి రేణువులు అయస్కాంత క్షేత్రాన్ని బట్టి వరసగా సర్దుకుంటాయి. వాటిలోంచి వచ్చే పరారుణ కాంతి ఎక్కువగా ఒకే దిక్కున ఊగుతుంది. ఆ దిక్కు కొలిచి చిన్న చిన్న గీతలు గీస్తే, కంటికి కనబడని క్షేత్రానికి పటం తయారు. అది చూసి, టెలిస్కోపు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ సరేనంటే ఆ చలికాలం కొన్ని రాత్రులు నాకు టెలిస్కోపు ఇస్తారు. కాదంటే చదువుకి మంగళం పాడి సౌకార్‌పేటలో మా మామ స్టీలు సామాన్ల కొట్లో కూర్చోవాలి. మామ అప్పటికే నాకోసం స్టూలు కొనేశాడు, మహానుభావుడు!

ఆ పొద్దున చింతాద్రిపేట ఇంట్లో మా అవ్వ షీటు ఎత్తి చూసింది. "ఏందిరా ఈ చీపురు పుల్లలు?" "ఆడ నక్షత్రాలు పుడతాయవ్వా." "పుడతాయా! అయితే పురిటిల్లని చెప్పరాదా?" అంది కళ్ళింత చేసుకుని. నేను స్నానానికి పోయొచ్చేసరికి షీటు ఫైల్లో పెట్టి చేతికిచ్చింది. బస్సు టైమైందని నేను తెరిచి చూడలేదు.

గోడ మీద నా మేఘం వెలిగింది. నాలుగు మూలలా ఇంకో నాలుగు నల్లటి మేఘాలు! కమిటీ తరఫున బయటూరి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇవి కొత్తవా? వీటి మీద గీతల్లేవే?" నా నోరు ఊరుకోదు కదా, "ఇంకా కొలవలేదు సార్" అనేశాను. మా గైడు (చాటుగా మేం పెట్టుకున్న పేరు ధూళి మామ) లేచొచ్చి మిషను మీది షీటులో ఒక మేఘాన్ని గోటితో గీకి, వాసన చూసి, "అడ పావీ, మంజళ్!" అని తమిళంలో అరిచారు. పసుపు! దట్టంగా పూయడంతో వెలుతురు దాటక గోడ మీద నల్లగా పడిందన్నమాట. ఇక దాచేదేముంది, పురిటిల్లని అవ్వ శుభానికి నాలుగు మూలలా పసుపు పెట్టి ఉంటుందని, ఆమె మాటతో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాను. హాలంతా ఒకటే నవ్వు. పెద్దాయన మాత్రం కళ్ళు తుడుచుకుంటూ అన్నారు, "ఇన్నేళ్ళుగా నేనేం చేస్తానో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదబ్బాయ్. మీ అవ్వకి తెలిసింది. ఇతనికి టెలిస్కోపు ఇచ్చేయండి."

ఇంటికొచ్చి చెబితే అవ్వ అడిగింది ఒకటే: "పసుపు బాగా కనబడిందా?" "గోడంత కనబడిందవ్వా." "మరి! లేకుంటే ఇచ్చుంటారా?"

ఇప్పుడా కమిటీల్లో నేనే పెద్దాయన్ని. పిల్లలు కంప్యూటర్లో రంగురంగుల మేఘాలు చూపిస్తారు, గీతలు ముత్యాల్లా ఉంటాయి. నా చూపు మాత్రం ముందు నాలుగు మూలలకే పోతుంది. శుభ్రంగా ఉంటాయి. అవ్వ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుని, "మీ ఇంట్లో వాళ్ళకి ఇదంతా చెప్పావా అమ్మా?" అని అడుగుతాను.