గీకేసిన తెరచాప

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌కు దగ్గరలోని ఆర్ట్ సెంటర్‌లో శనివారాలు వాలంటీరుగా పనిచేసేదాన్ని. బొమ్మల పక్కన అతికించే కార్డులు రాయడం నా పని.

ఆ వసంతంలో డైరెక్టరమ్మ ఇద్దరు చిత్రకారులను పిలిపించింది. లిస్బన్ నుంచి వచ్చిన పెద్దాయన టైల్స్ మీద నీలిరంగు బొమ్మలు వేస్తాడు. బ్యాంకాక్ నుంచి వచ్చిన ఆమె పింగాణీ మీద వేస్తుంది. ఐదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు ఓడలు థాయ్‌ల పాత రాజధానికి చేరిన ఘట్టాన్ని ఇద్దరూ కలిసి గోడకు సరిపడా టైల్స్ మీద వేయాలి. దానికి 'స్నేహం' అని డైరెక్టరమ్మ ముందే పేరు పెట్టేసింది.

వారం తిరక్కుండానే చెడింది. ఆయన ఓడ నదినంతా మింగేసింది. ఆమె వేసిన ఇళ్లు దాని కింద అగ్గిపెట్టెల్లా మిగిలాయి.

"ఇంత ఓడ మా నదిలో పట్టదు," అందామె.

"మేం రాకపోతే మీ నది ఎవరికి తెలిసేది?"

ఆమె బ్లేడు తీసుకుని, ఇంకా బట్టీలో పెట్టని ఆ టైల్స్ మీది తెరచాపను మొత్తం గీకేసింది. తెల్లపూత పొడిలా రాలి ఎర్రమట్టి బయటపడింది. ఆయన కుంచెను నేలకేసి కొట్టి నా వైపు తిరిగాడు.

"నువ్వు క్రిస్టియన్‌వి కదా, చెప్పు ఆమెకి. మీ దేశానికి యేసుని తెచ్చింది మేమే!"

నాకు ఒళ్లు మండింది. "మా జేజెమ్మకి బందరు కాలవలో బాప్తిస్మం ఇచ్చింది తెలుగు పాస్టరు. ఆయన మీ దేశం పేరు కూడా విని ఉండడు," అన్నాను.

ఆమె నవ్వింది. "అయితే కార్డు మీద రాయి, దొంగలొచ్చారని."

"అలా రాయను."

నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె నాతోనూ మాట్లాడలేదు.

ఇంటికి వస్తుంటే కార్‌లో మా ఆయన విసుక్కున్నాడు. "నువ్వెందుకు ఇన్వాల్వ్ అవుతావ్? వాలంటీర్‌వే కదా, క్విట్ చేసెయ్."

చేయలేదు. జరిగింది జరిగినట్టు రాశాను: 'తెరచాపను చిత్రకారిణి గీకేశారు. చిత్రకారుడు మళ్లీ వేయనన్నారు.' డైరెక్టరమ్మ చదివి, చించేసి, తన కార్డు తనే రాసుకుంది.

ప్రారంభం రోజు వాళ్లిద్దరూ గోడకు చెరో చివర నిలబడ్డారు. ఒక ముసలావిడ ఎర్రమట్టి చూపించి, "ఇదేమిటి?" అంది.

"ఆమె పాడుచేసింది!"

"ఆయన మితిమీరాడు!"

జనం మూగారు. డైరెక్టరమ్మ సర్దిచెప్పమన్నట్టు నా వైపు చూసింది. నేను కోటు తీసుకుని బయటికి నడిచాను.