నేను తలకిందులు చేసిన కార్డు

జోస్యం చెప్పే టారో కార్డులు నేను నేర్చుకున్నది ఫోన్‌లో. మిషన్ మీద జాకెట్లు కుడుతూ, ఎదురుగా ఫోన్ నిలబెట్టుకుని, ఎవరో ఒకావిడ చెప్పే పాఠాలు ఏడాది పాటు విన్నాను. తర్వాత కార్డుల పెట్టె తెప్పించుకున్నాను. నరసరావుపేటలో మా వీధి ఆడవాళ్లు వాటిని పేకముక్కలు అనేవారు. "ఏందమ్మాయ్, పేకాట మొదలుపెట్టావంట!" అని నవ్వేవారు. నవ్వినవాళ్లే చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి, అటూ ఇటూ చూసి, "నాదొకటి తీసి చెప్పు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా చెప్పేదాన్ని.

డెబ్బై ఎనిమిది కార్డుల్లో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ప్రేమికుల కార్డు. అందులో ఒక ఆడా, ఒక మగా ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంటారు. ఆమె వెనక పండ్ల చెట్టు, దానికి చుట్టుకున్న పాము. అతని వెనక ఆకులకు బదులు మంటలున్న చెట్టు. పైన మేఘంలోంచి ఒక దేవదూత ఇద్దరి మీదా చేతులు చాపి ఉంటాడు. అత్తగారున్న ఇంట్లో, పదిమంది వచ్చిపోయే ముందుగదిలో, ఆ బొమ్మను బల్ల మీద ఎలా పరచను? లైనింగ్ గుడ్డలోంచి గోరంత ముక్కలు కత్తిరించి ఆమెకో చీర, అతనికో పంచె జిగురుతో అతికించాను. రెండిళ్ల అవతల ఉండే అమ్మాయి అది చూసి పడీపడీ నవ్వింది. "అక్కా, వీళ్లకి పెళ్లి కూడా చేసేశావుగా!" అంది.

నిజానికి బట్టలు లేకపోవడంలోనే ఆ కార్డు అర్థం ఉంది. ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడానికి ఏమీ లేని ఇద్దరు వాళ్లు. పేరుకు ప్రేమికుల కార్డే కానీ, అది చెప్పేది ఎంచుకోవడం గురించి. తెలిసి, పట్టపగలు, నలుగురి ముందూ ఎంచుకోవడం. అతను ఆమెను చూస్తుంటాడు. ఆమె మాత్రం తల పైకెత్తి దేవదూత వైపు చూస్తుంటుంది, అండ కోసం. కార్డు తలకిందులుగా పడితే అర్థం మారిపోతుంది. తప్పు దారి అనీ, పొత్తు కుదరదనీ చెప్పాలి. ఇవన్నీ వచ్చినవాళ్లకు గడగడా అప్పజెప్పేదాన్ని.

రెండిళ్ల అవతలి ఆ అమ్మాయి పిడుగురాళ్లలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. రోజూ అదే బస్సులో వెళ్లే లెక్కల మాస్టారంటే ఆమెకు ఇష్టం. అతనిది చర్చికి వెళ్లే కుటుంబం, వీళ్లది పొలాలూ పంతాలూ ఉన్న ఇల్లు. రెండేళ్లుగా ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఒకరోజు వచ్చి, "ఆదివారం ఇంట్లో చెప్పేస్తానక్కా. శనివారం వచ్చి నీ దగ్గర ఒక కార్డు తీస్తా" అంది. ముఖంలో భయం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది.

శుక్రవారం సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. బస్సులో చూసినవాళ్లెవరో ఆవిడకు చెప్పారట. కేకలేస్తుందనుకున్నాను. మిషన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మేం వద్దంటే మొండికేసిద్దమ్మాయ్. నీ మాటంటే దానికి చానా గురి. కార్డులో వద్దని వచ్చిందని చెప్పు. ఈ ఒక్క సాయం చెయ్యి."

పేకముక్కలని వీధిలో అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే. ఆ మనిషి కళ్లనీళ్లకు కరిగిపోయానని చెప్పుకుంటే నాకు కొంత గౌరవంగా ఉంటుంది. కానీ కరగలేదు, పొంగిపోయాను. నా కార్డులకూ విలువొచ్చింది కదా అని లోపల ఉబ్బిపోయాను. "సరే పిన్నీ" అన్నాను. ఆ అమ్మాయి నన్ను నమ్మి చెప్పుకున్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రానేలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా తల ఎత్తుకోలేకపోతున్నాను.

శనివారం ఆ అమ్మాయి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కార్డులు కలిపింది, ఒకటి తీసి బోర్లా నా ముందు పెట్టింది. "చెప్పాలా, వద్దా?" అంది. వేలికి తగలగానే అది ఏ కార్డో నాకు తెలిసిపోయింది, గుడ్డ అతికించిన చోట ఎత్తుగా ఉంది. వాళ్లిద్దరి బొమ్మలుండేది కార్డు కింది సగంలో, ఆ ఎత్తు నా వైపే ఉంది కాబట్టి కార్డు నిటారుగానే ఉన్నట్టు. పుస్తకంలో కాగితం తిప్పినట్టు పక్కకు తిప్పడం నా అలవాటు. ఆ రోజు పై అంచు పట్టుకుని కిందికి తిప్పాను. చీర కట్టిన ఆమె, పంచె కట్టిన అతను తలకిందులుగా పడ్డారు.

"తప్పు దారంటోంది. ఇప్పుడు చెబితే రెండిళ్లూ చెడతాయే" అన్నాను. గొంతు కూడా పెద్దదాన్ని చేసుకున్నాను.

ఆ అమ్మాయి కార్డు వైపు చూడలేదు, నా ముఖం వైపే చూసింది. చున్నీ సర్దుకుని, "సరే అక్కా" అని వెళ్లిపోయింది. ఆదివారం వాళ్లింట్లో ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. నాలుగు నెలలకు వినుకొండ సంబంధం కుదిరింది. పెళ్లి జాకెట్లన్నీ నేనే కుట్టాను. వాళ్లమ్మ నాకు పట్టుచీర పెట్టింది, సిగ్గు లేకుండా తీసుకున్నాను.

మొన్న ఆ అమ్మాయి పుట్టింటికొచ్చి, బిగుతైన జాకెట్ ఒకటి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. కొలత తీసుకుంటుంటే మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఆ రోజు కార్డు నిలువునా తిప్పావు కదక్కా?"

టేపు మీద అంకె మర్చిపోయి మళ్లీ మొదటినుంచి కొలిచాను.

"అంతకుముందు రోజు బస్సు దిగి వస్తా మీ గుమ్మంలో అమ్మ చెప్పులు చూశా. మా సంగతి ఆమె చెవిన పడిందని అప్పటికే తెలుసు, ఎందుకొచ్చిందో అప్పుడే అర్థమైంది" అంది.

"మరి తెలిసి ఎందుకొచ్చావే?"

"కార్డు కోసం రాలేదు. 'మీ అమ్మ వచ్చి ఇట్టా చెప్పమన్నదే' అని నువ్వు నాతో చెబుతావని వచ్చా. చెప్పుంటే నిన్ను వెంటబెట్టుకుని ఇంటికి పోదామనుకున్నా. ఎవరి దగ్గరా నోరు విప్పని మా అమ్మ నీ దగ్గరికొచ్చి అడిగిందంటే, నువ్వు చెబితే వినేది గదా."

మాటల్లో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"తప్పయిపోయిందే" అన్నాను.

ఆ అమ్మాయి తలూపి, చెయ్యి పైకెత్తి నిలబడింది. "చంక దగ్గర కాస్త వదులు పెట్టక్కా" అంది.